ఇంటి చెత్త వేరు చేయడం ఎలా: ఎత్తే చేతికి గాయం కాకుండా, ఊరి చెరువు పాడవకుండా

"మేం చక్కగా వేరు చేసి ఇస్తున్నాం. ఆటోలో మళ్లీ అన్నీ కలిపేస్తున్నారు. ఇక లాభమేంటి?" చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకో రెండు వస్తాయి. ప్యాడ్లు, డైపర్లు ఎందులో వేయాలి? కంపోస్టులో పురుగులు పడ్డాయి, ఏం చేయాలి? ఆ రెండింటికీ కింద జవాబులున్నాయి. మొదటిదానికి ఇక్కడే చెప్పేస్తాను.

మీరు గట్టిగా చుట్టి ఇచ్చిన గాజు పెంకు ఆటోలో కలిసిపోయినా ఎవరికీ గుచ్చుకోదు. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్టును ఆటోవాళ్లు దారిలోనే ఏరుకుని అమ్ముకుంటారు, పప్పులో మునిగినదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. తడి చెత్త మీ ఇంట్లోనే ఎరువైపోతే ఇక కలపడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. అంటే కింద చెప్పిన పనుల్లో చాలావరకు ఆటోవాళ్లు ఏం చేస్తారన్న దాని మీద ఆధారపడవు.

హైదరాబాద్ చెత్త జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోతుంది, విశాఖపట్నం చెత్త కాపులుప్పాడ యార్డుకు. గుట్టల్లో తడి చెత్త కుళ్లి కారిన నల్లటి ఊట జవహర్‌నగర్ పక్కనున్న మల్కారం చెరువును పాడు చేసింది. ఆ నీళ్లు, ఆ కంపు భరిస్తున్నది చెత్త ఎక్కువగా పుట్టించే కాలనీలవాళ్లు కాదు, గుట్ట పక్కన బతికేవాళ్లు. ఆ చెత్తను ఎత్తేవాళ్లలో, ఏరేవాళ్లలో, మురుగులో దిగేవాళ్లలో ఎక్కువమంది దళితులే. అందుకే ఈ పనిలో పర్యావరణం వేరు, సామాజిక న్యాయం వేరు అని గీత గీయలేం. ప్రతి మెట్టు దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సంచిలో ఎవరైనా ఉత్త చెయ్యి పెడితే ఏమవుతుంది?

కావలసినవి

- తడి చెత్తకు మూత ఉన్న చిన్న బకెట్టు, 5 నుంచి 7 లీటర్లది. నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు కిలో తడి చెత్త వస్తుంది, ఇది చాలు.
- పొడి చెత్తకు 25 కిలోల ఖాళీ బియ్యం సంచి.
- ప్రమాదకరమైన వాటికి పిల్లలకు అందని చోట ఒక అట్టపెట్టె.
- మందపాటి ప్లాస్టిక్ డబ్బా, మూత బిగుసుకునేది. బట్టల లిక్విడ్ డబ్బా సరిగ్గా సరిపోతుంది.
- మూత ఉన్న చిన్న రేకు డబ్బా.
- పాత దినపత్రికలు, ఎర్ర మార్కరు, వెడల్పాటి ప్యాకింగ్ టేపు.
- కంపోస్టు పెట్టేవాళ్లకు 20 లీటర్ల పెయింటు బకెట్లు మూడు, ఒక గోనెడు ఎండుటాకులు.

కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. రంగురంగుల డబ్బాల సెట్లు అమ్ముతున్నారని వాటి కోసం పరుగెత్తకండి.

1. బుట్టలు ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకోండి

సగం ఇళ్లలో ఈ పని వారం తిరక్కుండానే ఆగిపోవడానికి కారణం బుట్ట దూరంగా ఉండటమే. తడి బకెట్టు సింకు కిందే ఉండాలి, కూరగాయలు తరిగే చోటు నుంచి చెయ్యి చాపితే అందాలి. పొడి సంచి వంటగది తలుపు వెనక మేకుకు తగిలించండి. బాత్రూములో మూత ఉన్న చిన్న డబ్బా, దాని పక్కన పాత పేపర్లు, మార్కరు ఉంచండి. మార్కరు హాల్లో ఉంటే ఎవరూ వెళ్లి తెచ్చుకోరు.

తడి బకెట్టులో ప్లాస్టిక్ కవరు వేయకండి. అడుగున రెండు మడతల పేపరు పరిస్తే చాలు. కవరులో మూతి కట్టి ఇచ్చిన తడి చెత్తను ఒక మనిషి చేత్తో చింపి, లోపలున్నది బయటికి దులపాలి. కవరు చింపకపోతే అది అలాగే గుట్టలోకి పోయి, లోపల గాలి లేక కుళ్లి మీథేన్ అనే మండే వాయువు వదులుతుంది.

ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద ఈ పని మొత్తం వదిలేయడం చాలామంది చేసే తప్పు. మీరు కలిపి పడేసిన దాన్ని ఆమె వేరు చేయాలనుకోవడం న్యాయం కాదు. ఎవరు పడేస్తే వాళ్లే సరైన బుట్టలో వేయాలి, ఇంటి యజమానైనా, ఆరేళ్ల పిల్లాడైనా. ఆమెతో బుట్టలు కడిగించాలంటే అది అదనపు పని. దానికి అదనంగా ఎంతిస్తారో ముందే మాట్లాడుకోండి, గ్లవుజులు మీరే కొనివ్వండి.

2. తడి చెత్త: నీళ్లు వడకట్టి వేయండి

కూరగాయల తొక్కలు, పళ్ల తొక్కలు, టీ పొడి, కోడిగుడ్డు పెంకులు, మిగిలిన అన్నం కూరలు, వాడిన పూలు, కరివేపాకు రెబ్బలు, మునక్కాడ పిప్పి ఇందులోకి వస్తాయి. సింకులో జల్లెడ పెట్టి నీళ్లు కారిపోయాకే వేయండి. సాంబారు గిన్నెను అలాగే వంచేస్తే మరునాటికి బకెట్టు కంపు కొడుతుంది. ఎత్తేవాళ్ల బట్టల మీద కారేది ఆ నీళ్లే.

తికమక పెట్టేవి ఇవి:

పూజ పూలు తడి చెత్తే, కానీ దండ దారం, జరీ, ప్లాస్టిక్ తగరం తీసేయాలి. టీ బ్యాగుకున్న పిన్ను తీయాలి. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు తడి చెత్తలోకే వస్తాయి, కానీ ఇంటి కంపోస్టులో అరగడానికి నెలలు పడుతుంది, వాటిని ఆటోకే ఇవ్వండి. ఆవకాయల రోజుల్లో టెంకల సంచి విడిగా కట్టి ఇవ్వడం మేలు. ఊడ్చిన దుమ్ము, వెంట్రుకలు తడిలోకి రావు. పేపరులో పొట్లం కట్టి విడిగా ఇవ్వండి. కాగితం కప్పుల లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, అవి పొడిలోకి.

తొక్కలు ఆవుకు పెట్టే అలవాటుంటే మంచిదే. కవరులో కట్టి మాత్రం పెట్టకండి. ఆవు కవరుతో సహా మింగుతుంది. అది కడుపులో పేరుకుపోయి చివరికి ప్రాణం తీస్తుంది.

3. పొడి చెత్త: కడగండి, ఆరబెట్టండి, సంచిలో వేయండి

పాల ప్యాకెట్టుతో మొదలుపెట్టండి, ఎందుకంటే అది రోజూ వచ్చేది. మూల పూర్తిగా కత్తిరించి పారేయకండి. సగం వరకు కోసి, ఆ ముక్క ప్యాకెట్టును అంటుకునే ఉండేలా వదిలేయండి. తెగిపోయిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు, కాలువలోకి పోతుంది. ఖాళీ ప్యాకెట్టులో అర గ్లాసు నీళ్లు పోసి ఊపి, ఆ నీళ్లు మొక్కలకు పోయండి. రెండో వైపు కూడా కోసి తీగ మీద ఆరేయండి. నూనె ప్యాకెట్టుకు చల్లనీళ్లు చాలవు. గిన్నెలు తోమాక మిగిలిన సబ్బు నీళ్లలో ముంచి తీయండి.

బిర్యానీ పార్సిలు డబ్బా కడిగితే పొడి చెత్త, కడక్కపోతే ఎందుకూ పనికిరాదు. ఒక్క జిడ్డు డబ్బా సంచిలోని కాగితాలన్నిటినీ పాడు చేస్తుంది. అట్టపెట్టెలకున్న టేపు పీకి చదును చేయండి. చిప్స్ ప్యాకెట్లలో ప్లాస్టిక్, రేకు పొరలు కలిసి ఉంటాయి, వాటిని పాత సామాన్లవాళ్లు కొనరు. అయినా పొడిగానే ఇవ్వండి, సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు ఇంధనంగా పంపాలన్నా పొడిగా ఉండాలి.

పొడి సంచి రోజూ ఇవ్వనక్కర్లేదు. వారానికోసారి చాలు. మీ వీధిలో కాగితాలు, ప్లాస్టిక్ ఏరుకునే అక్క ఎవరైనా ఉంటే నేరుగా ఆమెకే ఇవ్వండి. శుభ్రంగా ఉన్న సంచి ఆమెకు కుప్పలో వంగి ఏరే శ్రమ లేకుండా వచ్చే సంపాదన. వాళ్లను దొంగల్లా చూసి గేటు దగ్గర అరిచి తరిమే వాచ్‌మన్‌కు ఆ మాట మీరే చెప్పాలి.

ఎండుటాకులు, ప్లాస్టిక్ తగలబెట్టకండి. పీవీసీ పైపు ముక్కలు, వైర్లు కాలితే డయాక్సిన్ల వంటి విషాలు వస్తాయి. భోగి మంటల్లో పాత కుర్చీలు, టైర్లు వేసే అలవాటు కొన్నిచోట్ల పెరిగింది. భోగికి పిడకలు, కట్టెలు చాలు.

4. గుచ్చుకునేవి, కోసుకునేవి

ఈ మెట్టును తొందరపడి దాటకండి. మిగతావన్నీ సగం సగం చేసినా ఇది మాత్రం పూర్తిగా చేయాలి. సంచిని చేత్తో నొక్కి ఆటోలోకి ఎత్తే మనిషికి లోపల ఏముందో కనపడదు.

గాజు పగిలితే: పెద్ద ముక్కలు ఏరి, మిగిలిన పొడిని తడి పేపరుతో అద్ది తీయండి. అన్నిటినీ కనీసం నాలుగైదు మడతల దినపత్రికలో చుట్టండి. అట్టపెట్టెలో పెట్టి అన్ని వైపులా టేపు వేయండి. పైన ఎర్ర మార్కరుతో పెద్ద అక్షరాలతో "గాజు" అని రాయండి. ఒక గీటు ఎర్రగా గీస్తే చదవడం రానివాళ్లకూ తెలుస్తుంది. సంచిలో దూర్చకుండా విడిగా చేతికిచ్చి, "అన్నా, ఇందులో గాజు ఉంది" అని నోటితో చెప్పండి.

బ్లేడ్లకు: రేకు డబ్బా మూతకు బ్లేడు దూరేంత సన్నటి గాటు పెట్టండి. మూత చుట్టూ టేపు వేసేయండి. గడ్డం గీసుకున్నాక బ్లేడు అందులోకి. నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక గాటు మీద కూడా టేపు వేసి, రాసి ఇవ్వండి.

ఇన్సులిన్ సూదులకు: ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే ఇది రోజూ జరిగే పని. వాడిన వెంటనే సూదిని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలోకి వదిలి మూత బిగించండి. నీళ్ల బాటిలు వాడకండి, సూది దాని గోడను పొడుచుకుని బయటికి వస్తుంది. గాజు సీసా అసలే వద్దు. డబ్బా ముప్పావు వంతు నిండగానే ఆపి, టేపు వేసి, "సూదులు" అని రాయండి. మీరు చూపించుకునే ఆసుపత్రినో, రక్తపరీక్షల ల్యాబునో అడగండి, వాళ్ల దగ్గర సూదులు విడిగా పంపే ఏర్పాటు ఉంటుంది. వాళ్లు కాదంటే మున్సిపాలిటీ ప్రమాదకర చెత్త కింద ఇవ్వాలి. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ప్రమాదముంది. గుచ్చుకున్న మనిషికి ఆ సూది ఎవరిదో, ఏ జబ్బు ఉందో ఎప్పటికీ తెలియదు. నెలల తరబడి పరీక్షలు, భయం.

5. ప్యాడ్లు, డైపర్లు

పద్ధతి సులువే. ప్యాడ్‌ను లోపలికి చుట్టండి. కొత్త ప్యాడు వచ్చిన కవరులో గానీ దినపత్రికలో గానీ ఇంకోసారి చుట్టి, చివర లోపలికి దోపండి లేదా చిన్న టేపు అతికించండి. మీద రూపాయి బిళ్లంత ఎర్ర చుక్క పెట్టండి. డైపరైతే ముందు మలాన్ని టాయిలెట్లోకి దులిపి, తర్వాత చుట్టండి. ఇవన్నీ ఒకే కాగితపు సంచిలో వేసి, తడి పొడి రెండింటితోనూ కలపకుండా విడిగా ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పంచిన మూడు రంగుల బుట్టల్లో ఎర్రది ఇలాంటి వాటికే.

ఎర్ర చుక్కను ప్రచారంలోకి తెచ్చింది పుణెలో చెత్త ఎత్తే మహిళలు. అక్కడ చెత్త ఏరేవాళ్లు 1993లో సంఘం పెట్టుకున్నారు, 2008 నుంచి "స్వచ్" అనే సొంత సహకార సంఘం ద్వారా కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరిస్తున్నారు. పొట్లం విప్పకుండానే లోపల ఏముందో తెలియాలన్నది వాళ్ల అవసరం. కాబట్టి నల్ల కవరులో దాచి పెట్టడం కంటే చుక్క పెట్టడమే మర్యాద. నల్ల కవరును ఏదైనా దొరుకుతుందేమోనని విప్పి చూస్తారు.

ప్యాడును టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టడం ఈ వరసలో అన్నిటికంటే చెడ్డ పని. తడి తుడుపు గుడ్డలు (వెట్ వైప్స్), కండోములు, దూది కూడా అంతే. అవి పైపులో ఉబ్బి అడ్డం పడతాయి. ఆ అడ్డు తీయడానికే మనుషుల్ని మ్యాన్‌హోల్‌లోకి దించుతారు.

గుడ్డ ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పు వాడితే చెత్త చాలా తగ్గుతుంది. నీళ్లు సరిపడా ఉండి, ఉతికి ఎండలో ఆరేసే చోటుండి, వాడే మనిషికి ఇష్టమైతేనే. ఇంట్లో ఆడవాళ్ల మీద ఇది ఇంకో నియమంగా రుద్దకండి.

6. బల్బులు, బ్యాటరీలు, మందులు

ట్యూబ్‌లైటు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. బుట్టలో పట్టడం లేదని విరగ్గొట్టకండి, అట్ట గొట్టంలో పెట్టి ఇవ్వండి. ఇంట్లో పగిలితే కిటికీలు తెరిచి ఓ పావుగంట గది ఖాళీ చేయండి. తర్వాత గట్టి కాగితంతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్దండి. చీపురుతోనో, వ్యాక్యూమ్ క్లీనరుతోనో ఊడిస్తే పాదరసం గదంతా చేరుతుంది.

పాత ఫోను, పవర్ బ్యాంకు బ్యాటరీల రెండు కొసలకూ టేపు వేయండి. లిథియం బ్యాటరీ చెత్త బండిలో నలిగితే మంట లేస్తుంది. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకండి, పొడి ఇసుక పోసిన మట్టి కుండలో బయట పెట్టి త్వరగా ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి. పాత టీవీ, కేబుళ్లు ఎవరు ఎక్కువ ధర ఇస్తే వాళ్లకు అమ్మేముందు, వాటిని ఏం చేస్తారో అడగండి. రాగి కోసం వైర్లు తగలబెట్టే చోట ఆ పొగ పీల్చేది చాలాసార్లు పిల్లలే. గడువు దాటిన మాత్రలు టాయిలెట్లో పోయకుండా ప్రమాదకర పెట్టెలో ఉంచండి. దోమల మందు స్ప్రే డబ్బాలకు చిల్లు పెట్టకండి.

7. కంపోస్టు: మూడు బకెట్ల పద్ధతి

కుండలైనా, డ్రమ్మైనా పనిచేస్తాయి. అందరికీ దొరికేది పెయింటు బకెట్టు కాబట్టి దానితో చెబుతున్నాను.

బకెట్టు పక్కలకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వరసలుగా 20 దాకా, అడుగున 5 పెట్టండి. కింద పళ్లెం ఉంచండి. అడుగున మూడు అంగుళాలు కొబ్బరి పీచు లేదా చిన్న పుల్లలు, పైన రెండు అంగుళాలు ఎండుటాకులు. గుప్పెడు పాత కంపోస్టు గానీ, ఓ కప్పు పుల్లటి మజ్జిగ గానీ చల్లండి.

రోజూ తడి చెత్తను చిన్న ముక్కలు చేసి వేయండి. ఎన్ని గిన్నెల తడి వేస్తే అన్ని గిన్నెల ఎండుటాకులు, వానాకాలంలో ఒకటిన్నర రెట్లు. పైన ఎప్పుడూ ఆకుల పొర కనపడాలి, తొక్కలు కనపడకూడదు. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపండి. ఆకులు దొరక్కపోతే కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు వాడొచ్చు. రంగు వేసిన చెక్క పొట్టు మాత్రం వద్దు.

వేయకూడనివి: ఎముకలు, మాంసం, ఊరగాయ, నూనె కూరలు, పాలు. మిగిలిన అన్నం కొద్దిగా అయితే పర్వాలేదు, గిన్నెలకొద్దీ పోస్తే ఎలుకలు వస్తాయి.

మొదటి బకెట్టు మూడు నాలుగు వారాల్లో నిండుతుంది. దాన్ని మూతపెట్టి పక్కన పెట్టి రెండోది మొదలెట్టండి. మూడోది నిండేసరికి మొదటిది తయారవుతుంది. నిండిన తర్వాత కనీసం 40, 45 రోజులు ఆగాలి. ఆగలేక పచ్చి కంపోస్టు మొక్కలకు వేస్తే వేర్లు దెబ్బతింటాయి.

ఏం తప్పు జరిగిందో వాసనే చెబుతుంది. కుళ్లిన కంపు వస్తే తడి ఎక్కువైంది: ఆకులు కలిపి, తిరగేసి, ఒక పూట మూత తీసి ఉంచండి. ముక్కు ఘాటెక్కే అమ్మోనియా వాసన వస్తే పప్పు లాంటివి ఎక్కువయ్యాయి: మళ్లీ ఆకులే మందు. చీమలు పట్టాయంటే ఎండిపోయింది, నీళ్లు చిలకరించండి. తెల్లటి బూజు మంచిదే, వదిలేయండి.

ఇక పురుగులు. గోధుమ రంగులో, అర అంగుళం పైన పొడవు, లావుగా కదిలేవి కనిపిస్తే భయపడకండి. అవి చాలావరకు నల్ల సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలు, చెత్తను మనకంటే వేగంగా ఎరువు చేస్తాయి, కుట్టవు. చూడలేకపోతే రెండు అంగుళాల ఆకులు కప్పండి. దయచేసి పురుగుమందు కొట్టకండి, ఎరువు చేసే ప్రాణులన్నీ చస్తాయి.

తడి సరిపోయిందా అని చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. నీళ్లు కారితే ఎక్కువ. ముద్ద కట్టి, వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు మాత్రమే మెరిస్తే సరి. పొడిపొడిగా రాలితే తక్కువ.

తయారైందా అన్నదానికి రెండు పరీక్షలు చేయండి. తడి కంపోస్టు గుప్పెడు సీసాలో వేసి, మూత బిగించి మూడు రోజుల తర్వాత తీయండి, తొలకరి మట్టి వాసన రావాలి. తర్వాత ఒక కప్పులో కంపోస్టు, మట్టి కలిపి, ఇంకో కప్పులో ఉత్త మట్టి వేసి, రెండింట్లో పదేసి మెంతి గింజలు చల్లండి. నాలుగు రోజుల్లో రెండింట్లో ఇంచుమించు ఒకేలా మొలిస్తే ఎరువు పక్వానికి వచ్చినట్టు. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు వేసి వాడుకోండి.

8. చెత్త తీసుకెళ్లే మనిషితో

బుట్టను వీధి గుమ్మం దాకా మీరే తీసుకురండి, చేతికందించండి. పై అంతస్తు నుంచి కవరు విసిరేయకండి. ఆటో నడిపే అన్న పేరు, ఎత్తే అక్క పేరు తెలుసుకుని పిలవండి. ఎండాకాలం మంచినీళ్లు అడిగితే మీరు తాగే గ్లాసులోనే ఇవ్వండి. వీళ్ల కోసం గూట్లో విడిగా ఒక గ్లాసు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ గ్లాసు ఈరోజే తీసేయాలి. పాచిపోయిన అన్నం "దానం" కాదు, అది కంపోస్టుకే.

అపార్టుమెంట్లలో ఉంటే సంఘం సమావేశంలో అడగాల్సినవి: చెత్త ఎత్తేవాళ్లకు లిఫ్టు వాడే హక్కుందా? చెత్త వేరు చేసే చోట పైకప్పు, కుళాయి, సబ్బు ఉన్నాయా? వాళ్లు వాడుకునే టాయిలెట్ ఏది? ఏజెన్సీ ద్వారా పెట్టుకుంటే జీతం కనీస వేతనానికి తగ్గకుండా బ్యాంకు ఖాతాలో పడుతోందా, పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలానా చూపిస్తున్నారా, వారానికో సెలవుందా? తక్కువ రేటు చెప్పిన ఏజెన్సీ ఆ తగ్గింపును ఎక్కడి నుంచి తెస్తుందో ఆలోచించండి. నెలకు ఫ్లాటుకు కొద్ది రూపాయలు పెరగడం గురించి గొడవ పడే చోట ఈ లెక్క గట్టిగా పెట్టాలి.

పని సరిగ్గా జరుగుతోందా అని చూసుకోవడానికి వారానికోసారి ఒక పేపరు పరిచి పొడి సంచిని దులపండి. చేతికి జిడ్డు, తడి తగలకూడదు. బ్లేడు, సూది, ప్యాడు ఒక్కటి కనిపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి. దాదాపు ప్రతిసారీ ఆ గదిలో బుట్ట లేకపోవడమే కారణమని తేలుతుంది. బుట్ట పెట్టండి, సమస్య పోతుంది. ఇంట్లో తిట్లు అక్కర్లేదు. నెల దాటాక ఎత్తే మనిషిని కూడా అడగండి: మా చెత్తలో మీకు ఇబ్బంది పెడుతున్నది ఏమైనా ఉందా? ఆమె చెప్పింది ఈ వ్యాసంలో లేకపోయినా అదే చేయండి.

9. సెప్టిక్ ట్యాంకు: ఎవ్వరినీ లోపలికి దించకండి

రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. నీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయి, బుడబుడ శబ్దం, పెరట్లో కంపు అంటే ఆలస్యమైనట్టే. టాయిలెట్‌కు రోజూ యాసిడ్ పోస్తే మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చి ట్యాంకు తొందరగా నిండుతుంది.

మున్సిపాలిటీలో పేరు నమోదైన వ్యాక్యూమ్ ట్యాంకర్‌ను పిలవండి. 14420 నంబరు మురుగు, సెప్టిక్ ట్యాంకుల పని కోసం కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్. రేటు మాట్లాడేటప్పుడే తీసింది ఎక్కడ పోస్తారని అడగండి. "చూసుకుంటాం" అంటే చెరువులోనో పొలంలోనో పోస్తారని అర్థం. వరంగల్, నరసాపురం లాంటి పట్టణాల్లో మల వ్యర్థాల శుద్ధి కేంద్రాలున్నాయి. మీకు దగ్గర్లో ఉంటే అక్కడికే తీసుకెళ్లాలని షరతు పెట్టండి.

పని జరిగేటప్పుడు దగ్గరే ఉండండి. మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి, పిల్లల్ని రానివ్వకండి. మీథేన్ ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపుల్ల వద్దు. అడుగున గట్టిపడిన మడ్డి రాకపోతే పై నుంచి నీళ్లు వేగంగా కొట్టి కదిలించి, మళ్లీ పీల్చమనండి. "ఒక్క నిమిషం దిగి గెలికితే అయిపోద్ది" అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. ఎక్కువ డబ్బిస్తామని, మందు తాగించి దించడం చాలాచోట్ల జరిగింది.

లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే "వాసన లేదు కాబట్టి గ్యాసు లేదు" అనుకున్నవాళ్లు చనిపోతారు. కాపాడబోయినవాళ్లూ పోతారు. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో పడిపోయిన ఇద్దరు ఆంధ్ర కూలీలను కాపాడబోయి ఒక ఆటోడ్రైవరు కూడా ప్రాణం విడిచాడు. ఎవరైనా పడితే మీరు దిగకండి. 112కు, అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి, ఉన్న మూతలన్నీ తీసి ఫ్యానుతోనో బ్లోయరుతోనో లోపలికి గాలి కొట్టండి, తాడు అందించి పై నుంచే లాగండి.

2013 నాటి పాకీ పని (మాన్యువల్ స్కావెంజింగ్) నిషేధ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. బెజవాడ విల్సన్, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్, అంటే పాకీ పనిని రూపుమాపాలని పోరాడే సంస్థ, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో 2014లో వచ్చిన తీర్పు మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది, 2023 అక్టోబరులో వేరే కేసులో వచ్చిన తీర్పు దాన్ని 30 లక్షలు చేసింది. ప్రమాదం జరిగితే "కాలు జారి పడ్డాడు" అని రాయించి సర్దుబాటు చేయడానికి చుట్టుపక్కలవాళ్లు వస్తారు. ఎఫ్ఐఆర్‌లో ఆ చట్టం పేరు చేర్చాలని ఆ కుటుంబానికి చెప్పండి, పరిహారం అడగడానికి అది ఆధారమవుతుంది.

ట్యాంకర్ వెళ్లాక మూతలు బిగించి, అంచులకు సిమెంటు పూయించండి. ఖాళీ చేయించిన తేదీ, మూత ఎక్కడుందో కరెంటు మీటరు పక్కన గోడ మీద పెయింటుతో రాయించండి. మీ తర్వాత ఆ ఇంట్లోకి వచ్చేవాళ్లకు కూడా కనపడుతుంది.